చేపా బతికింది, వరీ బతికింది

నేను పనిచేసే ఫ్యాక్టరీలో కలుపు మందు తయారవుతుంది. చేలో కొడితే వరిని వదిలేసి, వరి మధ్య మొలిచిన వెడల్పాకు మొక్కల్ని మాత్రం చంపే మందు. దాన్ని తయారుచేసేవాళ్ళు వేరు. నేను దాని వెనకాల మిగిలిపోయే నీళ్ళ మనిషిని. రియాక్టర్లు కడిగిన నీళ్ళు, డ్రమ్ములు కడిగిన నీళ్ళు, నేల కడిగిన నీళ్ళు, అన్నీ పైపుల్లోంచి ప్రహరీగోడ పక్కనున్న మా తొట్లలోకి వస్తాయి. వాటిని శుభ్రం చేసి గోడ అవతలున్న మురుగు కాలువలోకి వదలడం నా ఉద్యోగం. ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఆ నీళ్ళు పూర్తిగా శుభ్రమయ్యాయని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగిన రోజు ఒక్కటుందా అంటే, లేదు. అయ్యాయని నేను నమ్మిన రోజులు మాత్రం కొన్ని ఉన్నాయి. ఆ రోజుల్లో నేను అన్న ఒక మాట గురించే ఇదంతా.

వచ్చేటప్పుడు ఆ నీళ్ళు బాగా మరిగిన టీ డికాషన్ రంగులో ఉంటాయి. వాసన ఫినాయిల్‌కి దగ్గరగా ఉంటుంది, కానీ ఫినాయిల్ వాసన కడిగితే పోతుంది. ఇది పోదు. చొక్కా రెండుసార్లు ఉతికినా, తలంటుకున్నా, ఆదివారం ఇస్త్రీ బట్టలు కట్టుకుని చర్చికి వెళ్ళినా నా బల్ల మీద కూర్చున్నవాళ్ళు కొంచెం పక్కకి జరుగుతారు. ఒకసారి బస్సులో ఒకావిడ "ఏ ఆస్పత్రిలో చేస్తారండీ?" అని అడిగింది. "జబ్బు చేసిన నీళ్ళ ఆస్పత్రిలోనండి" అని విసుక్కున్నాను. ఆవిడ పాపం దిగేదాకా కిటికీలోంచే చూసింది. నాకు కోపం తొందరగా వస్తుంది, రావాల్సిన చోట మాత్రం రాదు. ఇది ముందే చెప్పుకోవడం మంచిది.

మా పని చూడటానికి వచ్చినవాళ్ళు ఏవో పెద్ద యంత్రాలు ఉంటాయనుకుంటారు. ఉండేవి సిమెంటు తొట్లు, పైపులు, గాలి ఊదే మోటార్లు. ముందు నీళ్ళలో సున్నం కలిపి పులుపు విరగ్గొడతాం. తరవాత పెద్ద తొట్టిలోకి పంపి రాత్రింబవళ్ళు గాలి ఊదుతాం. ఆ తొట్టిలో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. మా షెడ్డులో అందరూ వాటిని పురుగులనే అంటారు. నీళ్ళలో ఉన్న విషాన్ని అవే తినాలి. వాటిని డబ్బాల్లో పెట్టి అమ్మేవాళ్ళున్నారు. కొని చూశాం, మా నీళ్ళ ముందు అవి రెండు రోజులు కూడా నిలవలేదు. చివరికి పక్క ఊళ్ళో పశువుల పాకల నుంచి ట్రాక్టరుతో పేడ తెప్పించి, నీళ్ళలో కలిపి, గోనెసంచిలో వడకట్టి తొట్టిలో పోయడం మొదలుపెట్టాం. తణుకు నుంచి ట్యాంకరులో మొలాసిస్, అదే చెరకు మడ్డి, వస్తుంది. చంటిపిల్లలకి ఉగ్గు పెట్టినట్టు పది రోజులు అది పోసి పురుగుల్ని పెంచుతాం. అవి కాస్త నిలదొక్కుకున్నాక మందునీళ్ళు కొద్దికొద్దిగా అలవాటు చేస్తాం. ఇవాళ ఒక బకెట్టు, రేపు రెండు. నెల తిరిగేసరికి తొట్టిలో నీళ్ళు కాఫీపొడి రంగుకి వచ్చి మట్టివాసన వేస్తాయి. ఆ వాసన వచ్చిందంటే పురుగులు బతికాయని, విషం తినడం నేర్చుకున్నాయని మాకు గుర్తు.

అవి నేర్చుకున్న నాలుగు రోజులకే పైన ప్లాంటులో ఎవరో చెప్పాపెట్టకుండా రియాక్టరు కడిగి వదిలేస్తారు. మేం అన్నాలు తిని వచ్చేసరికి తొట్టి మీద తెల్లటి నురుగు మోకాలెత్తు లేచి, కుళ్ళిన గుడ్ల వాసన కొడుతుంటుంది. పురుగులన్నీ చచ్చిపోయి ఉంటాయి. నేను ఫోన్లో నోటికొచ్చినట్టు అరుస్తాను. అవతలివాళ్ళు "సారీ అండి మేస్టారూ, ఆర్డరు అర్జెంటండి" అంటారు. చేరకముందు రెండేళ్ళు ట్యుటోరియల్లో కెమిస్ట్రీ చెప్పాను కాబట్టి ఫ్యాక్టరీలో అందరికీ నేను మేస్టారినే. మళ్ళీ ట్రాక్టరు, మళ్ళీ పేడ, మళ్ళీ ఉగ్గు. ఎన్నిసార్లు మొదటి నుంచి మొదలుపెట్టామో గుర్తుపెట్టుకోవడం ఎప్పుడో మానేశాను.

అన్ని తొట్లూ దాటాక చివర్న ఒక చిన్న తొట్టి ఉంది. దానిలో శీలావతి, బొచ్చె చేపపిల్లలు ఉంటాయి. శుభ్రం చేసిన నీళ్ళు ఆ తొట్టిలోంచే బయటికి పోతాయి. తనిఖీకి వచ్చిన అధికారులు ముందు కాగితాలు చూస్తారు, తరవాత చేపల దగ్గరికి వచ్చి నిలబడతారు. మేం గుప్పెడు తవుడు చల్లుతాం. చేపలు గుంపుగా పైకి లేస్తాయి. "బావున్నాయండీ" అని ఫోటో తీసుకుంటారు. చేప బతికిందంటే నీళ్ళు బావున్నట్టే, ఇంక మాట్లాడటానికేముంది?

చేపలు అందరూ పెట్టేవే. వరి నారు మాత్రం నా సొంత తెలివి. ఒక వేసవిలో చుట్టుపక్కల రైతులు పదిమంది గేటు దగ్గరికి వచ్చారు. మీ నీళ్ళు మురుగు కాలువలో కలుస్తున్నాయి, తొలకరికి వేసే సార్వా నారుమళ్ళకి ఆ నీళ్ళు తోడుకోవచ్చో కూడదో తేల్చండి అన్నారు. మేనేజరుగారు నన్ను ముందుకి తోశారు. పదిరోజులు టైమివ్వమని అడిగి, ఆరు ట్రేలలో మట్టి పోసి, మండె కట్టి మొలకెత్తించిన వడ్లు చల్లాను. మూడింటికి కుళాయి నీళ్ళు, మూడింటికి మా తొట్టి నీళ్ళు. పదో రోజుకి ఆరూ పచ్చగా లేచాయి. ఇంకా చెప్పాలంటే మా నీళ్ళు తాగినవే కాస్త ఏపుగా ఉన్నాయి. రైతులు వచ్చి, నారు పీకి, వేరు చూసి, తలలూపారు. వాళ్ళలో ఒక పెద్దాయన "వరి బతికిందంటే ఇంకేం కావాలండీ" అన్నాడు. మా వైపు పొలం అంటే వరి చేనే, పంట అంటే వరే. నేనూ అక్కడ పుట్టినవాణ్ణే, ఆ మాట నాకూ సబబుగానే తోచింది. రైతులు వెళ్ళిపోయాక మేనేజరుగారు నా భుజం తట్టారు. ఆ రోజు నుంచి చేపల తొట్టి పక్కన వరి ట్రేలు కూడా శాశ్వతంగా ఉండిపోయాయి. వచ్చినవాళ్ళందరికీ వాటిని నేనే చూపించేవాణ్ణి, కొంచెం గొప్పగానే.

ఇక మా అక్క. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. అమ్మ కలుపు తీతకి వెళ్తే నన్ను చంకనేసుకుని గట్టు మీద కూర్చునేదట. ఎదిగాక తనూ అమ్మ పక్కన నడుం వంచి కలుపు తీసింది. తరవాత్తరవాత కలుపు మందులొచ్చి ఆ పని తగ్గిపోయింది. అక్క కూలి పోగొట్టిన మందే నాకు జీతం ఇచ్చింది. ఈ సంగతి మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు. బావ పోయాక అక్క, మురుగు కాలువ గట్టు పక్కన ముప్పై సెంట్ల నేల కౌలుకి తీసుకుని కూరగాయలు వేసింది. వంగ, టమాటా, గోరుచిక్కుడు, గట్టు వెంబడి ఆనప పాదులు. అన్నిటికన్నా వంగ. లేతగా, నూనెలో పడగానే వెన్నలా కరిగే వంకాయలు. సంతలో ఆమె గంప దించకముందే జనం చుట్టూ మూగేవాళ్ళు. పొద్దున్న మొక్కల మధ్య తిరుగుతూ వాటితో మాట్లాడేది. నేను వెక్కిరిస్తే "నువ్వు పురుగులకి ఉగ్గు పెడితే లేదు గానీ, నేను మొక్కతో మాట్లాడితే వచ్చిందా?" అనేది.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి తొలి పంట వాళ్ళు ఆదివారం తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. అయ్యగారు ప్రార్థన చేశాక ఆవరణలోనే వాటికి వేలం పాట పెడతారు. గుమ్మడికాయ, కోడిపుంజు, అరటిగెల, ఎవరికి ఉన్నది వాళ్ళు. అక్క ఏటా మొదటి కోత వంకాయలు గంపెడు తీసుకెళ్ళేది. ఆ గంప పాటలో డాక్టరుగారి భార్యా, హెడ్మాస్టరుగారూ ఒకరి మీద ఒకరు పోటీపడేవాళ్ళు. ఆ పదినిమిషాలూ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటూ నిలబడేది. ఏడాది మొత్తం మీద ఆమె మొహం అలా వెలిగింది నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఒక ఏడు ఏప్రిల్లో ఎప్పట్లాగే కాలువలు కట్టేశారు. మరమ్మతుల కోసం ఏటా కట్టేస్తారు, మళ్ళీ వదిలేది జూన్లోనే. అక్క చేలో బోరు అప్పటికే ఉప్పుదేలింది. మురుగు కాలువలో మాత్రం సన్నగా నీళ్ళు పారుతున్నాయి. మిగతా రోజుల్లో అందులో చేల నీళ్ళూ, ఊళ్ళ నీళ్ళూ కలుస్తాయి. కాలువలు కట్టేసిన నెలల్లో పారేది దాదాపు అంతా మా ఫ్యాక్టరీ నీరే.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర అక్క నన్ను ఆపింది. "ఏరా తమ్ముడూ, ఆ డ్రెయిన్లో నీళ్ళు మొక్కలకి పెట్టుకోవచ్చా? నువ్వే కదా వదిలేది. నువ్వు సరేనంటే రేపే ఇంజను పెట్టిస్తాను."

ఆ వారం తొట్టి మంచి మట్టివాసన వేస్తోంది. రెండు నెలలుగా పురుగులు చావలేదు, అది మాకు పండగే. చేపలు ఎగిరి పడుతున్నాయి. వరి ట్రేలు పచ్చగా ఉన్నాయి. ల్యాబు కాగితాల్లో అంకెలన్నీ హద్దులోనే ఉన్నాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తల ఎత్తుకు తిరగాలనిపించిన రోజులవే.

"నిక్షేపంలా పెట్టుకో అక్కా. కావాలంటే నేను తాగి చూపిస్తాను" అన్నాను.

"నువ్వు తాగొద్దులే బాబూ, నా మొక్కలు తాగితే చాలు" అంది నవ్వుతూ.

మర్నాడే అద్దెకి డీజిల్ ఇంజను తెచ్చి తోడించింది. డ్యూటీ దిగి బండి మీద నేనూ వెళ్ళాను. బోదెల్లో నీళ్ళు వంగ మొదళ్ళ దాకా పాకి, ఎండిన మట్టి నల్లబడుతుంటే గట్టు మీద నిలబడి చూశాను. ఫ్యాక్టరీలో నా పని ఫలితమంటే ఏ గొడవా జరగకపోవడమే. అక్కడ మాత్రం నా నీళ్ళు ఒక పనికి వస్తున్నాయి. ఎంత సంతోషమేసిందో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

పన్నెండో రోజు అక్క ఫోన్ చేసింది. "వంగ మొక్కలు ఏంటో ముడుచుకుపోతున్నాయిరా. ఒకసారి వచ్చి చూడు."

వెళ్ళాను. లేత ఆకులు వెడల్పు పోయి, సన్నగా, పిడికిలి బిగించినట్టు కిందికి ముడుచుకున్నాయి. కాడలు మెలితిరిగాయి. టమాటా ఆకు వేపాకు కన్నా సన్నబడింది. ఆనప తీగ కొసలు చుట్టలు చుట్టుకుని పాకడం ఆపేశాయి. గట్టు వార ఎప్పుడో రాలిన గింజల నుంచి మొలిచిన నాలుగు వరి దుబ్బులు మాత్రం పచ్చగా, నిటారుగా ఉన్నాయి.

అలా ముడుచుకున్న ఆకుని నేను ముందెక్కడో చూశాను. గుర్తు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. మా ఆఫీసు గోడ మీద ఒక పోస్టరు ఉంది. ఎడమ పక్కన మెలితిరిగి వాలిపోయిన కలుపు మొక్క బొమ్మ, కుడి పక్కన నిగనిగలాడే వరి బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో మా మందు పేరు. ఇరవై ఏళ్ళుగా రోజూ దాని ముందు నిలబడే హాజరు వేస్తున్నాను.

నేనేం చేశానో అప్పుడు అర్థమైంది. మా నీళ్ళలో మిగిలే మోతాదుకి చేప చావదు. వరి ఎలాగూ చావదు, దాన్ని చంపకుండా ఉండేట్టే కదా మందు తయారుచేశారు! నేను సరిగ్గా ఆ రెంటినే సాక్షులుగా నిలబెట్టాను. మా ల్యాబులో నీళ్ళ పులుపు కొలుస్తాం, ఉప్పు కొలుస్తాం, ఇంకా నాలుగైదు కొలుస్తాం, కొలవమన్నవాటిలో ఆ మందు లేదు. అది ఎంత కొంచెం మిగిలినా వంగ మొక్క కనిపెట్టేస్తుంది. కెమిస్ట్రీ చదివి, పదిమందికి చెప్పి, ఆ మందు పక్కనే ఇన్నేళ్ళు బతికి, ఒక్క వంగ మొక్క మీద పోసి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు నాకు. వరిని అడిగి ఊరుకున్నాను. డెల్టాలో పుట్టినవాడికి వరి ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టే.

"ఏంట్రా ఇది, తెగులా?" అంది అక్క.

నిజం చెప్పాలి కదా. "తెగులే అక్కా. తెల్లదోమ వల్ల వస్తుంది, వైరస్సు" అన్నాను.

"ఏదైనా మందు కొట్టాలా?"

"దీనికి మందు లేదు." నేను ఆ రోజు చెప్పిన వాటిలో ఆ ఒక్క మాటే నిజం.

తెగులు పక్కచేలకి అంటుకుంటుందని అక్క మొక్కలన్నీ పీకి గట్టు మీద కుప్ప పోసి తగలబెట్టింది. నేనూ పక్కనే ఉండి పీకాను. పక్కచేలు వరివి, వాటికేమీ కాదని నాకు తెలుసు. అయినా ఎండలో చెమటలు కారుస్తూ, ఆమె కన్నా ఎక్కువ మొక్కలు పీకాను. అలా పీకితే ఏదో తీరుతుందనుకున్నానేమో.

తరవాతి ఆదివారం చర్చి బయట అక్క నెమ్మదిగా ఒక సంగతి చెప్పింది. "మొదటి కోత ఈ ఏడు దేవుడికి ఇవ్వలేదురా. శుక్రవారం బేరగాడొచ్చి గంపంతా కావాలంటే ఇచ్చేశాను. రెండో కోత ఇద్దాంలే అనుకున్నాను. దేవుడికి రెండోదేంటి, ఎంత మాట అనుకున్నానో చూడు! అందుకే ఇలా చేశాడు."

"అలాంటిదేం లేదక్కా. దేవుడికి నీ వంకాయలెందుకు?" అన్నాను. అంతవరకే అన్నాను. ఇంకొక్క మాట అని ఉంటే ఆమె గుండె మీద బరువు దిగిపోయేది. ఉద్యోగం పోతుందన్న భయమా అంటే, అదీ ఉంది. అంతకన్నా, నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి నా వైపు చూసే చూపు మారిపోతుందని భయపడ్డాను. పిరికితనానికి పెద్ద కారణాలేం ఉండవు. ఇంతే ఉంటాయి.

మేనేజరుగారికి మాత్రం చెప్పాను. ఆయన చెడ్డ మనిషి కాదు. కుర్చీ చూపించి, ఓపిగ్గా విన్నారు.

"మేస్టారూ, మన పారామీటర్లన్నీ లిమిట్లోనే ఉన్నాయా?"

"ఉన్నాయండి."

"చేపలు?"

"బతికే ఉన్నాయండి."

"వరి?"

"పచ్చగా ఉందండి. వంగ మొక్కలే చస్తున్నాయండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "లిస్టులో లేనిదాన్ని మనంతట మనం కొలిచి, మనమే కాగితం మీద పెట్టుకుంటే ఏమవుతుందో మీకు తెలీదా అండి? ఎంతమంది ఈ గేటు మీద ఆధారపడి బతుకుతున్నారో మీకు తెలీదా? మీరు తొట్టి సంగతి చూసుకోండి. బొగ్గుపొడి ఎంత కావాలంటే అంత తెప్పిస్తాను."

తెప్పించారు కూడా. ఆ నల్లటి పొడి మందుని కొంత పీల్చుకుంటుంది. కొంతే. మిగిలింది గోడ దాటి పోతూనే ఉంటుంది. మురుగు కాలువ నీళ్ళు వాడొద్దని ఎవరికైనా చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. గట్టు వెంబడి అందరివీ వరి చేలే కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, అందుకే ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

అక్క నేల యజమాని ఆ వానాకాలమే కౌలు మాన్పించాడు. "ఈ నేలకి కూరగాయలు అచ్చిరావడం లేదమ్మా" అని చెరువు తవ్వించి చేపలు వేశాడు. ఆ మురుగు కాలువ నీళ్ళే తోడుకుంటాడు. చేపలు బ్రహ్మాండంగా పెరుగుతున్నాయి. కనపడినప్పుడల్లా నన్ను ఆపి, మీ నీళ్ళ చలవేనండీ అని నమస్కారం పెడతాడు. ఆ దారిన వెళ్ళడం మానేశాను. అక్క ఇంటి ముందు పాత పెయింటు డబ్బాల్లో, సిమెంటు సంచుల్లో కుళాయి నీళ్ళతో వంగ నారు పెంచి సంతలో అమ్ముకోవడం మొదలుపెట్టింది. కాయలమ్మిన మనిషి ఇప్పుడు ఇంకొకళ్ళ పెరట్లో కాసే మొక్కలు అమ్ముతోంది.

నాకు వంగ నారు కావాల్సి వచ్చింది. ఇకమీదట వరిని కాదు, వంగనే అడగాలనుకున్నాను. వారానికి ఆరు మొక్కలు కావాలన్నాను.

"ఎందుకురా? మీ కంపెనీలో తోట వేస్తున్నారా?" అంది అక్క.

"ఆఁ, వేస్తున్నారక్కా."

ఎంత సంబరపడిందో. నారులో బలమైనవి ఏరి, వేళ్ళకి తడిమట్టి పెట్టి, అరటి దొప్పలో చుట్టి ప్రతి ఆదివారం చర్చికి తెచ్చి ఇచ్చేది. "సాయంత్రం పూట నాటు. రెండు రోజులు నీడ పట్టు" అని జాగ్రత్తలు చెప్పేది. నేను షెడ్డు వెనకాల ఆరు బకెట్లలో మట్టి పోసి నాటి, మా తొట్టి నీళ్ళు పోసేవాణ్ణి. నాలుగో రోజుకి మెలితిరిగేవి. గాలి ఎక్కువ ఊది చూశాను. నీళ్ళు తొట్టిలో ఇంకో రెండు రోజులు ఎక్కువ ఆపి చూశాను. కొత్త పేడ, కొత్త బొగ్గుపొడి, ఏదీ వదల్లేదు. ఒకసారి ఆరు మొక్కలూ ఎనిమిది రోజులు నిటారుగా నిలబడ్డాయి. పొద్దున డ్యూటీకి రాగానే ముందు వాటి దగ్గరికే పరిగెత్తేవాణ్ణి. తొమ్మిదో రోజు పైన రియాక్టరు కడిగారు.

"తోట ఎలా ఉందిరా?" అని అక్క ప్రతి ఆదివారం అడిగేది.

"బావుందక్కా."

"కాపుకొచ్చిందా?"

"ఇంకా లేదక్కా."

"ఇన్ని వారాలైనా పూత కూడా రాలేదా? మీ మట్టి మంచిది కాదేమోరా. ఈసారి కాస్త గట్టి రకం ఇస్తానుండు" అనేది. ఏడాదిపాటు అలా ఇస్తూనే ఉంది, నేను చంపుతూనే ఉన్నాను.

మరుసటి జూన్లో ఫ్యాక్టరీలో పర్యావరణ దినోత్సవం చేశారు. షామియానా వేసి, సిబ్బంది కుటుంబాలని పిలిచి, పులిహోర పొట్లాలు పంచి, ఇంటికో మొక్క ఇచ్చారు. నేను చేపల తొట్టి దగ్గర నిలబడి పిల్లలకి తవుడు పంచుతున్నాను. మా ఆవిడ వచ్చి "వదినగారు తోట చూస్తానంటే తీసుకొచ్చానండీ. ఆ షెడ్డు వెనక్కి వెళ్ళారు" అంది. చేతిలో తవుడు అక్కడే పారేసి పరిగెత్తాను.

అక్క బకెట్ల మధ్య గొంతుక్కూర్చుని ఉంది. ఒక మొక్క కొస ఆకుని రెండు వేళ్ళతో పట్టుకుని విప్పి చూస్తోంది. తన చేలో ఆ రోజు చూసినట్టే.

"ఇవి నా మొక్కలే కదరా?" అంది.

"నీవే అక్కా."

"ఏం నీళ్ళు పోస్తున్నావు?"

నేను చేపల తొట్టి వైపు చూశాను. అటువైపు పిల్లలు కేరింతలు కొడుతున్నారు. అక్క కూడా అటు చూసింది, గోడ వైపు చూసింది, మళ్ళీ మొక్క వైపు చూసింది. ఆకుని మెల్లిగా వదిలేసింది.

తిడుతుందనుకున్నాను. ఏడాదిగా ఆ తిట్లు ఎలా ఉంటాయో ఊహించుకుంటూ, వాటికి జవాబులు సిద్ధం చేసుకుంటూనే ఉన్నాను.

"అయితే దేవుడికి నా మీద కోపం రాలేదన్నమాట" అంది.

అక్కడే నిలబడి ఏడ్చాను. ఆమె ఏడవలేదు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, చీర కుచ్చిళ్ళకి అంటిన మట్టి దులుపుకుంది. "ఏడాది నుంచీ క్షమించమని మోకాళ్ళ మీద పడుతున్నాన్రా ఆయన ముందు. నువ్వు అవతలి వరసలోనే కూర్చునున్నావు" అంది. అంతే, మా ఆవిడతో కూడా చెప్పకుండా గేటు దాటి వెళ్ళిపోయింది. ఇంటికో మొక్క ఇస్తున్నవాళ్ళు ఆమెని ఆపి చేతిలో ఒకటి పెట్టబోతే వద్దని తల అడ్డంగా ఊపింది.

ఆ తరవాతి ఆదివారం చర్చిలో నా వైపు చూడలేదు. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఆగలేదు. నేను బయటికి వచ్చేసరికి నా బండి సీటు మీద అరటి దొప్ప ఉంది. విప్పి చూశాను. వేళ్ళకి తడిమట్టి పెట్టిన ఆరు వంగ మొక్కలు, ఎప్పట్లాగే బలమైనవి. ఇంటికి వెళ్ళి తలుపు కొట్టాను. కిటికీలోంచే మాట్లాడింది.

"ఒక్కటి కాపుకొచ్చిన రోజు చెప్పు. ఆ రోజు తలుపు తీస్తాను."

ఎవరికీ చెప్పలేదు అక్క. ఊళ్ళో ఎవరైనా అడిగితే ఇప్పటికీ తెగులు వల్లే తోట పోయిందంటుంది. చేపలు బావున్నాయి. ట్రేలలో వరి బావుంది. పోయిన నెల వచ్చిన అధికారి రెంటి పక్కనా నిలబడి ఫోటో తీసుకున్నాడు. ఏ ఆదివారమూ నా బండి సీటు ఖాళీగా లేదు. మొన్న కూడా ఆరు మొక్కలు వచ్చాయి. సాయంత్రం పూట నాటాను, రెండు రోజులు నీడ పట్టాను. గురువారానికి నాలుగు మెలితిరిగాయి, శుక్రవారానికి మిగతా రెండూ.